నేలపట్టులో గూడబాతు పిల్లల లెక్క అవసరం

దొరవారిసత్రం: 1976లో పక్షుల రక్షిత కేంద్రమైన నేలపట్టు చెరువుకు ఈశాన్య రుతుపవనాల వేళ గూడబాతులు చేరుకుంటాయి. నీటిలోని కడప చెట్లపై గూళ్లు కట్టి రెండు మూడు గుడ్లు పెడతాయి. పొదగడానికి నెల రోజులు, పిల్ల ఎగరడానికి మరి మూడు నెలలకు పైగా పడుతుంది. మేతకు పులికాట్ సరస్సు దాకా పోతాయి. ఈలోగా చెరువు ఎండినా, సరస్సులో చేప తగ్గినా పిల్లలు దక్కవు. కనుక గూళ్లను లెక్కిస్తే చాలదు. గూటికి ఎన్ని పిల్లలు ఎగిరిపోయాయో యేటా చూడాలి. గట్టు మీది నుంచే దుర్భిణితో చూడాలి. దగ్గరికి వెళితే తల్లి లేస్తుంది, గుడ్లు కాకుల పాలవుతాయి. పిల్లలు తగ్గితే నీరో మేతో చాలలేదని అనుమానించాలి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పైర్లకు బలం. అందుచేత ఈ లెక్క ఆయకట్టు రైతులకూ కావలసినదే.