అంకె ఒకటి, చిరునామా వేరొకటి

"డ్రైవరంటే ఏముందండీ, రిజిస్టరు అడ్రసు పాయింటరులో పెట్టి విలువ రాయడమేగా!" కొన్నేళ్ల క్రితం తాడేపల్లిగూడెంలో చదువుకునే ఒక కుర్రవాడు నాతో అన్న మాట ఇది. అతనికి ఈ మాట నేర్పింది మైక్రోకంట్రోలర్ల ప్రయోగశాల. అక్కడ అది నిజమే. ఎమ్ఎమ్‌యూ లేని చిప్పులో అంకే చిరునామా. ఆ నిజాన్ని లినక్సు నడిచే బోర్డు మీదికి మోసుకుపోవడం పైనే నా తగవు.

కొల్లేటి వైపు చేపల చెరువున్న మా బంధువుకు ఏరియేటర్లు తిప్పే పెట్టె చేసిచ్చింది అతనే. లోపల 2012 నాటి రాస్ప్‌బెర్రీ పై. డెవ్‌మెమ్ తెరిచి, హెక్స్‌లో 20200000 అన్న భౌతిక చిరునామాను మ్యాప్ చేసి, రిలే మీట నొక్కేవాడు. రెండేళ్లు చక్కగా నడిచింది. పిడుగుకు బోర్డు పోతే, 2015లో వచ్చిన పై 2 పెట్టి అదే ప్రోగ్రాము ఎక్కించాడు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయింది. లాగులో మాత్రం "ఏరియేటరు ఆన్" అనే ఉంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే మా బంధువు పరుగున వెళ్లి చేత్తో స్విచ్చి వేశాడు. కొన్ని అప్పటికే తేలాయి.

జరిగిందేమిటి? పై 2లో ఆ రిజిస్టర్లు 3ఎఫ్200000కు మారాయి. ఒక గిగాబైటు మెమరీ ఉన్న ఆ బోర్డులో 20200000 మామూలు ర్యామ్. కొన్ని కర్నెళ్లు అలాంటి రాతను అడ్డుకుంటాయి. అడ్డుకోనిచోట అది ఎవరి పేజీలోనో పడుతుంది, తప్పు జరిగిందని ఎవరూ చెప్పరు. 2019 నాటి పై 4లో అది ఎఫ్ఈ200000. చిప్పు పత్రంలో చూస్తేనేమో 7ఈ200000 అని ఉంటుంది, అది బస్సు చిరునామా. ఇవన్నీ కాక ప్రోగ్రాము చేతికి అందేది వర్చువల్ చిరునామా. (దీన్ని 'మిథ్యా చిరునామా' అనడం నాకు నచ్చదు. అది పనిచేస్తుంది, కాకపోతే ఆ ప్రోగ్రాముకు మాత్రమే.)

కొల్లేటి వాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా? 1999లో అభయారణ్యానికి హద్దుగా ప్రకటించిన ఐదో కాంటూరు కాగితం మీద ఒక గీత. నేల మీద గట్టు ఎక్కడుందో ఆ గీతను చూసి చెప్పగలరా?

"చిన్న మీటకు ఇంత తతంగమా?" అంటారు. తతంగమేమీ లేదు. చిరునామా డివైస్ ట్రీలో ఉంటుంది. డ్రైవరు దాన్ని అడిగి తీసుకుని, ఐఓరీమ్యాప్ చేసి, రీడ్ఎల్, రైట్ఎల్‌లతో మాట్లాడుతుంది. డీఎమ్ఏ సంగతి ఇంకా సున్నితం. కోహెరెంట్ మెమరీ అడిగితే కర్నెల్ రెండు చిరునామాలిస్తుంది, ఒకటి మనకు, ఒకటి పరికరానికి. మనదాన్ని పరికరానికిచ్చే మహానుభావులను చూశాను. మీట కోసమైతే జీపీఐఓ వ్యవస్థ ఎప్పటినుంచో ఉంది, అక్కడ మనం ఏ అంకే రాయనక్కరలేదు.

ఆ కుర్రవాడు అలాగే తిరగరాశాడు. అది చూసిన వాళ్ల మాస్టారు "బాగానే ఉందిగానీ, ఇందులో అడ్రసేదోయ్?" అని మార్కులు కోశారట.