ఏ పెట్రోలు పోయించాలి?



నందిగామ నుండి ఉపాధ్యాయులైన ఒక సహోదరుడు మాకు ఉత్తరం వ్రాశారు. పాత చిన్న కారు కొని, జగ్గయ్యపేటలోని బడికి రోజూ వెళ్లి వస్తున్నారట. "ప్రీమియం పోయించండి, మైలేజీ పెరుగుతుంది" అని బంకులో చెబుతున్నారు, నిజమేనా అని అడిగారు.

ముందు లెక్క చూద్దాం. రానూ పోనూ సుమారు 60 కిలోమీటర్లు. నెలకు 25 రోజులు తిరిగి, లీటరుకు 15 కిలోమీటర్లు వస్తే 100 లీటర్లు. ప్రీమియంకు లీటరుకు 7 రూపాయలు ఎక్కువనుకుంటే నెలకు 700, సంవత్సరానికి 8,400 రూపాయలు. పిల్లల ఫీజులు కట్టే ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదు.

ఆక్టేన్ అంకె పెట్రోలు శక్తిని చెప్పదు. ఒత్తిడికి అది ఎంతవరకు ఓర్చుకుంటుందో చెబుతుంది. సిలిండరులో పిస్టన్ పెట్రోలు ఆవిరిని, గాలిని కలిపి నొక్కుతుంది. దానిని ప్లగ్గు నిప్పురవ్వ అంటించాలి. ఓర్పు తక్కువైన పెట్రోలైతే, మంట చేరకముందే మిగిలినది దానంతట అదే భగ్గుమంటుంది. అప్పుడు వినిపించే టకటక శబ్దమే నాకింగ్. అలాగే నడిపితే పిస్టన్ పాడవుతుంది. దీనిని ఆపడానికి 1920ల నుండి పెట్రోలులో సీసం కలిపేవారు. అది పసిపిల్లల మెదడుకు విషం. మన దేశమంతటా 2000 ఫిబ్రవరి నుండి మానేశారు.

2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 ప్రమాణాలు వచ్చినప్పుడు మామూలు పెట్రోలుకు కనీసం 91, ప్రీమియంకు 95 ఉండాలన్నారు. కారుతో ఇచ్చిన పుస్తకంలో 91 అని ఉంటే 95 పోసినందువల్ల బలమూ రాదు, చెప్పుకోదగిన మైలేజీ రాదు. 95 అని ఉంటే మాత్రం పొదుపు చూడకండి. టర్బో ఉన్న కొన్ని ఇంజన్లకు అది అవసరమే. (సిమెంటు లారీల వారికి ఈ గొడవ లేదు. డీజిలుకు చూసేది సీటేను.)

మామూలు పెట్రోలుకే టకటకమంటుంటే ముందు మెకానిక్కుకు చూపించండి. టైమింగ్ తప్పినా, లోపల మసి పేరుకున్నా, టాపు గేరులో ఎత్తు ఎక్కించినా ఆ శబ్దం వస్తుంది.

పాత కారుకు అసలు చూడవలసినది మరొకటి ఉంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. దానివల్ల ఆక్టేన్ పెరుగుతుంది గాని, ఇథనాల్‌లో శక్తి తక్కువ గనుక మైలేజీ కొంత తగ్గుతుంది. ప్రీమియం పోయించినంత మాత్రాన ఇథనాల్ తప్పుతుందని అనుకోవద్దు. దీనికి తగినట్లు తయారు కాని కార్లలో రబ్బరు పైపులు, వాషర్లు త్వరగా దెబ్బతినవచ్చు. సర్వీసుకు ఇచ్చినప్పుడు వాటిని చూడమనండి. పెట్రోలు వాసన వస్తే ఆలస్యం చేయవద్దు. సెలవుల్లో కారును నెలల తరబడి కదపకుండా ఉంచవద్దు, ఇథనాల్ తేమను పీలుస్తుంది.

గరికపాడు దాటి కోదాడ వైపు వెళ్తే పన్నులను బట్టి ధర మారుతుంది, ఆక్టేన్ ప్రమాణం మారదు. ఎప్పుడైనా మామూలుది లేదంటే ప్రీమియం రెండు లీటర్లు పోయించుకోండి. ట్యాంకులో రెండూ కలిసినా నష్టం లేదు.