అరవై ప్రతులు, ఒకే తప్పు

ఏదైనా అరవై ఇళ్లలో ఉంటే ఇక అది పోదని మనందరి నమ్మకం. ఆ భ్రమ తొలగడానికి నాకు మూడు రోజులు పట్టింది. జరిగిన నష్టం పూడడానికి పదమూడేళ్లు పట్టింది.

2006లో మా నాన్నగారి సంవత్సరీకం. 1991లో మా ఊరి రామాలయం పందిట్లో ఆయన చదివిన గజేంద్రమోక్షం పద్యాలు ఒక కేసెట్టులో ఉండేవి. వచ్చే బంధువులందరికీ ఆ గొంతును తలా ఒక సీడీగా ఇవ్వాలని నా కోరిక. ఎల్బీ నగర్‌లో మా కింది వాటాలో ఒక విద్యార్థి అద్దెకుండేవాడు. పగలు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు, సాయంత్రం కంప్యూటర్లు బిగించే పని. "ఒక్కొక్కటీ రాసుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుందంకుల్" అంటూ ఒకే కంప్యూటరుకు నాలుగు రైటర్లు తగిలించాడు.

లెక్క చక్కనిదే. సీడీ తొలి వేగం సెకనుకు 150 కిలోబైట్లు. దానికి 16 రెట్లు పెంచితే గంటసేపటి పాట నాలుగైదు నిమిషాల్లో డిస్కులోకి ఎక్కుతుంది. నాలుగు రైటర్లకూ కలిపి హార్డ్ డిస్కు సెకనుకు పది మెగాబైట్ల దాకా అందించాలి. పాత రైటర్లలో ఆ ధార ఒక్క క్షణం తెగినా డిస్కు చెత్తబుట్టపాలే. 2000 నుంచి వచ్చిన వాటిలో, తెగినచోట ఆగి మళ్లీ అక్కడినుంచే రాసే ఏర్పాటు చేరింది. పదిహేను విడతల్లో, రెండు గంటలు తిరక్కముందే, అరవై సీడీలు బల్లమీద దొంతరగా నిలిచాయి. మొదటి పద్యం విన్నాం. గొంతు ఖంగున మోగింది. చాలుననుకున్నాం. సీడీలున్నాయి కదా అని కేసెట్టును పాత సామాన్లతోపాటు వేసేశాను.

మూడోనాడు మా మేనత్త ఫోను చేసింది. "ఏరా, మధ్యలో రెండు పద్యాలు లేవేమిట్రా?"

టేపు నలిగినచోట కంప్యూటరులోకి ఎక్కలేదు. అరవై సీడీలలోనూ అదే చోట అదే ఖాళీ.

నాలుగు రైటర్లంటే నలుగురు లేఖకులు కారని నాకు ఆనాడు బోధపడింది. ఒకే లేఖకునికి మొలిచిన నాలుగు చేతులవి. తాళపత్రాల కాలంలో ఒక్కొక్క లేఖకుడు ఒక్కొక్క చోట తప్పు రాసేవాడు. అందుకే ఒకరి తప్పును మరొకరి ప్రతితో దిద్దుకునే వీలుండేది. కడపలో సి.పి. బ్రౌన్ సొంత ఖర్చుతో పండితులనూ లేఖకులనూ పెట్టి చేయించినది ఈ పనే. ఒకే కావ్యానికి వేర్వేరు చోట్ల ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతి రాయించాడు. పోతన భాగవతమే మనకు పూర్తిగా ఆయన రచనగా దక్కలేదు. పంచమ స్కంధం గంగనది, షష్ఠం సింగనది, చివరి రెండూ వెలిగందల నారయవి. పోయిన దానికి మరొక మంచి ప్రతి దొరకకపోతే, ఎంత సమర్థుడైనా కొత్తగా రాయవలసిందే తప్ప పాతదాన్ని తేలేడు.

ఇప్పుడు సీడీల కాలం పోయిందనీ, అన్నీ ఫోనులోనే ఉన్నాయనీ అంటారు. ఒకే ఫైలును వందమందికి పంపితే మాత్రం అది వంద ప్రతులవుతుందా? తప్పు ఒకటే, దాని చిరునామాలు వంద. నకలు తీయడం ఎన్నడూ ఇంత తేలిక కాలేదు. తీసినదాన్ని చివరిదాకా వినే ఓపిక మాత్రం ఆ తేలికతోనే తరిగిపోయింది. వినకుండా పంచకూడదు, మూలాన్ని పారేయకూడదు. ఈ రెండూ నేను చేశాను కనుకనే చెబుతున్నాను.

2019లో మేనత్త ఇంట్లో అటక దులుపుతుంటే ఒక కేసెట్టు బయటపడింది. అదే పందిట్లో మా మామయ్య తన టేపురికార్డరుతో పట్టినది. నిండా గరగర, ఎవరిదో దగ్గు, ఒక పసిబిడ్డ ఏడుపు. వాటి మధ్య ఆ రెండు పద్యాలూ ఉన్నాయి.

వాటిని తెచ్చి అతికించాను. అక్కడికి రాగానే నాన్నగారి గొంతు దూరమై, పసిబిడ్డ ఏడుపు దగ్గరవుతుంది. దాన్ని శుభ్రం చేయించలేదు. ఈసారి మాత్రం పంచేముందు మొత్తం విన్నాను, రెండుసార్లు.