సీతాఫలపు ఆకు కషాయం నుండి వేరుశనగ యార్డు వరకు: ప్లాస్మాన్ పరిశోధన చేరవలసిన గమ్యం

సికింద్రాబాదులోని సీతాఫల్‌మండి తన పేరులోనే ఒక పండ్ల అంగడిని నిలుపుకొన్నది. దానికి సమీపంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, మరికొంత దూరాన తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. పంట, పదార్థం, ఆహారం అనే మూడు విషయాలు ఇంత దగ్గరగా ఉన్న ప్రాంతాలు అరుదు. అయినను, నానో కణాల పరిశోధనలో ఈ మూడింటి మధ్య దూరం ఇంకను తగ్గలేదు.

ఇందుకు సీతాఫలపు ఆకే ఒక ఉదాహరణ. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఈ ఆకుల కషాయాన్ని కలిపినప్పుడు ద్రావణం క్రమంగా పసుపు, పిదప గోధుమ వర్ణానికి మారుతుంది. వర్ణపటమాపకంలో 400 నుండి 450 నానోమీటర్ల మధ్య ఒక శిఖరం కనిపిస్తుంది. వెండి నానో కణాలు ఏర్పడినవనుటకు అది తొలి సాక్ష్యం. వేప, తులసి, కలబంద మొదలైన మొక్కలతోను ఇట్టి ప్రయోగాలు జరిగినవి. అయితే శిఖరం కనబడి, పెట్రీ పళ్లెంలో రెండు మూడు సూక్ష్మజీవుల పెరుగుదల ఆగినంతనే అనేక సిద్ధాంత వ్యాసాలు ముగుస్తున్నవి. శిఖరం పరిశోధనకు ఆరంభం మాత్రమే.

రంగుకు కారణం

లోహంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లపై కాంతి పడినప్పుడు, కాంతి విద్యుత్ క్షేత్రానికి లోబడి అవన్నియు ఒక్కుమ్మడిగా ఊగుతాయి. కాంతి పౌనఃపున్యం ఈ ఊగిసలాట సహజ పౌనఃపున్యంతో సరిపోయినప్పుడు శోషణ, పరిక్షేపణలు అత్యధికమవుతాయి. దీనినే ఉపరితల ప్లాస్మాన్ అనునాదం అంటారు. సుమారు 20 నానోమీటర్ల బంగారు కణం 520 నానోమీటర్ల ప్రాంతంలోని ఆకుపచ్చ కాంతిని గ్రహిస్తుంది. అందుచేత ద్రావణం ఎర్రగా కనిపిస్తుంది. 1857లో మైకేల్ ఫారడే ఇట్టి ఎర్రని బంగారు ద్రావణాలను అధ్యయనం చేయగా, 1908లో గుస్తావ్ మీ వాటి వర్ణాన్ని గణిత సమీకరణాలతో వివరించాడు.

కణం పరిమాణం, ఆకారం, చుట్టూ ఉన్న పదార్థపు వక్రీభవన గుణకం మారిన, శిఖరం స్థానం మారుతుంది. కణాలు ఒకదానికొకటి చేరువైన, ఎరుపు నీలంగా మారుతుంది. ఈ స్వభావం వల్లనే లోహ కణం సంవేదకంగా పనికివస్తున్నది. కంటికి కనబడని అణువు రాకను కంటికి కనబడే రంగుగా మార్చగల శక్తి దీనికున్నది. వ్యవసాయానికి కావలసినదియు ఆ శక్తియే.

గింజలోని విషం

ఈ శక్తి అత్యవసరమైన చోటు అఫ్లాటాక్సిన్ పరీక్ష. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు వేరుశనగ, మొక్కజొన్నలలో ఈ విషాన్ని ఉత్పత్తి చేస్తుంది. 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు జిల్లాల గ్రామాలలో, వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని 397 మంది కాలేయ వ్యాధికి గురికాగా 106 మంది మరణించారు. కారణం అఫ్లాటాక్సిన్ అని నిరూపించినవారు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. తినడానికి సిద్ధంగా ఉన్న వేరుశనగలో ఐరోపా సమాఖ్య కిలోకు 4 మైక్రోగ్రాములకు మించిన మొత్తం అఫ్లాటాక్సిన్‌ను అనుమతించదు. అనంతపురం వంటి మెట్ట ప్రాంతాలలో కాయ ఊరే దశలో బెట్ట తగిలిన పంటకు ఈ ముప్పు అధికం. వాసన, రుచుల ద్వారా దీనిని పసిగట్టలేము.

బంగారు కణాలతో చేసే పరీక్షా పట్టీ నిమిషాలలో ఫలితమిస్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 2016లో అఫ్లాటాక్సిన్‌కు చౌకైన పట్టీ పరీక్షను ప్రకటించింది. ఇక్కడ విస్తరణ సిబ్బంది గుర్తుంచుకోవలసిన విషయం ఒకటున్నది. అఫ్లాటాక్సిన్ చిన్న అణువు కనుక పట్టీ పోటీ పద్ధతిలో పనిచేస్తుంది. విషం లేనప్పుడు పరీక్ష గీత ఎర్రగా నిలుస్తుంది. విషం పెరిగిన కొద్దీ గీత పాలిపోయి మాయమవుతుంది. గర్భనిర్ధారణ పట్టీ చూచిన అలవాటుతో దీనిని చదివిన రైతు, విషపూరితమైన సరుకును మంచిదని భావించే ప్రమాదమున్నది. శిక్షణలో తొలి పాఠం ఇదే కావలెను.

పట్టీ ఒక్కటి చాలదు

పట్టీ ఎంత సున్నితమైనదైనను, దానిపై వేసే నమూనా సరికాకున్న ఫలితం వ్యర్థం. విషం బస్తా అంతటా సమంగా ఉండదు; కొద్ది గింజలలోనే అధికంగా కేంద్రీకృతమై ఉంటుంది. పై నుండి తీసిన ఒక పిడికెడు గింజలు శుభ్రంగా ఉండవచ్చు, అదే బస్తా అడుగున విషముండవచ్చు. కుప్పలో పలుచోట్ల నుండి తీసి, కలిపి, మెత్తగా నూరి, ఆ పొడి నుండి నమూనా తీయవలెను. అనేక ప్రయోగశాలా సంవేదకాలు స్వచ్ఛమైన ద్రావణంలో కలిపిన విషాన్ని గుర్తించినవే. వేరుశనగలోని నూనె, మాంసకృత్తులు, లవణాలు కణాలను గుంపుకట్టించి, విషం లేకున్నను రంగు మార్చగలవు.

కాబట్టి వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో ప్లాస్మాన్ పరిశోధనకు మూడు నియమాలు అవసరం. మొదటిది, ప్రతి సంవేదకమును నిజమైన గింజల కషాయంతో, ఎలైసా లేదా క్రోమటోగ్రఫీ ఫలితాలతో సరిపోల్చి చూపవలెను. రెండవది, ఆకు కషాయంతో చేసిన కణాల పరిమాణాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో, నిల్వ స్థిరత్వాన్ని నెలల పాటు పరీక్షించవలెను. ఆకు కషాయమే కొంత కాంతిని గ్రహిస్తుంది కనుక అది మాత్రమే ఉన్న ద్రావణాన్ని పోలికగా ఉంచవలెను. మూడవది, పరిశోధక విద్యార్థి కనీసం ఒక్క మార్కెట్ సీజనులోనైనను తన పద్ధతిని యార్డులో నిలబడి పరీక్షించవలెను.

దీనికి ప్రయోగశాలలో సమయం, ధనం, ఉపకరణాలు చాలవని కొందరు అభ్యంతరపెట్టవచ్చు. ఆ మాట నిజమే. ప్రతి విద్యార్థి కొత్త మొక్కతో అదే ప్రయోగాన్ని మళ్లీ చేయుట కన్నా, ఒక విభాగం ఒకే పద్ధతిని నాలుగేళ్లు కొనసాగించుట తక్కువ ఖర్చు. మొదటి విద్యార్థి కణాన్ని, రెండవవాడు పట్టీని, మూడవవాడు నమూనా విధానాన్ని సిద్ధపరచవచ్చు.

మరొక ప్రశ్న విస్తరణ శాస్త్రవేత్తల ఎదుట ఉన్నది. పరీక్షలో విఫలమైన సరుకును రైతు ఏమి చేయవలెను? జవాబు లేనప్పుడు పరీక్షను రైతు ధర తగ్గించే ఎత్తుగడగానే చూస్తాడు. ఏరివేత ద్వారా రంగు మారిన, ముడుతలుపడిన గింజలను వేరు చేసిన, మిగిలినదానిలో విషం గణనీయంగా తగ్గుతుంది. శుద్ధి చేసిన నూనెలో విషం దాదాపు మిగలదు గాని, చెక్కలో నిలిచిపోతుంది. ఆ చెక్క తిన్న పశువు పాలలోనికి అఫ్లాటాక్సిన్ ఎం1 రూపంలో చేరుతుంది. పరీక్షతో పాటు ఈ మార్గాలను, పరిమితులను కూడ రైతుకు చెప్పవలసి ఉన్నది. కోత అనంతరం కాయను త్వరగా ఎండబెట్టుట అన్నింటికన్న ముందు చెప్పవలసినది.

సీతాఫల్‌మండి చుట్టూ ఉన్న సంస్థలలోను, రాష్ట్రమంతటను విజ్ఞానానికి లోటు లేదు. ఆకు కషాయంలో తేలిన రంగు యార్డులోని రైతు చేతిలో నిర్ణయంగా మారిన నాడు, ఆ పరిశోధన తన గమ్యం చేరినట్లగును.