నొసటి విభూతికి ఒక న్యాయం, తలమీది స్కార్ఫుకి ఇంకో న్యాయమా?

ఈసారి పోస్టు కాస్త పెద్దది. తీరిక చేసుకుని చివరిదాకా చదవండి. వచ్చే ఆదివారం సంఘం మీటింగులో పెట్టబోయే తీర్మానం గురించి ఇది. అక్కడికి వచ్చి చేతులెత్తే ముందు మనందరం ఒకసారి ఆలోచించుకోవాలని రాస్తున్నాం.

పోయిన కార్తీకంలో జరిగింది మీలో చాలామందికి తెలుసు. మన క్యాంపు కుర్రాడు ఒకడు అయ్యప్ప మాలలో ఉండి డ్రైవింగ్ లైసెన్సు ఫోటోకి వెళ్లాడు. ఏ ఆఫీసో అనవసరం. నల్లబట్టలు, పెరిగిన గడ్డం, నొసట విభూతి, గంధం, కుంకుమ. కెమెరా దగ్గర కూర్చున్నాయన "మొహం కడుక్కుని రా, ఇలా అయితే తియ్యను" అన్నాడు. స్వామి కడుక్కోలేదు, వెనక్కి వచ్చేశాడు. ఆ రాత్రి మన వాట్సాప్ గ్రూపు తెల్లారేదాకా మోగుతూనే ఉంది. ధర్నా అన్నారు, మెమొరాండం అన్నారు, మన సంప్రదాయానికే ఈ గతి పడుతుందా అన్నారు. మా పేర్లు కూడా ఆ మెసేజీల్లో ఉన్నాయి, దాచుకోం.

పది రోజులు తిరక్కుండానే ఇంకో సంగతి జరిగింది. మన సభ్యుడి రైస్ మిల్లులో లెక్కలు రాసే ముస్లిం అమ్మాయి స్కూటీ లైసెన్సుకి వెళ్లింది. తలకి స్కార్ఫు కట్టుకుంది, నుదురు నుంచి గడ్డం దాకా మొహం మొత్తం కనబడుతోంది. అయినా స్కార్ఫు తియ్యమన్నారు. లైనులో అందరూ మగవాళ్లే. తీసింది, ఫోటో దిగింది, మిల్లుకొచ్చి ఏడ్చింది. ఆ సభ్యుడు పాపం మనసు ఉండబట్టలేక గ్రూపులో పెట్టాడు. వచ్చిన జవాబులు రెండు. ఒకటి "రూల్ అంటే రూల్". రెండోది దాని కింద ఒక బొటనవేలు. మిగతా వాళ్లం చదివి ఊరుకున్నాం.

ఇప్పుడు తీర్మానం ముసాయిదాలో ఏముందంటే, అయ్యప్ప, భవానీ, హనుమాన్ దీక్షల్లో ఉన్నవాళ్లని లైసెన్సు ఫోటో దగ్గర బొట్టూ విభూతీ తుడుచుకోమనకూడదు అని. మంచిదే. కానీ అందులో ఆ అమ్మాయి లేదు. మా మాట అల్లా ఇదే: ఆమెకి చోటు లేని తీర్మానం అడగడానికి మనకి మొహం ఉండదు.

ముందు చట్టం ఎలా ఉందో చూద్దాం. మన దేశంలో ఫోటో లేని లైసెన్సు ఏ మతం వాళ్లకీ లేదు. మోటారు వాహనాల చట్టం 1988లో మతం పేరు చెప్పి ఇచ్చిన మినహాయింపు హెల్మెట్ దగ్గర ఉంది. 129వ సెక్షన్ ప్రకారం తలపాగా కట్టుకున్న సిక్కులకి హెల్మెట్ అక్కర్లేదు. బీదర్ నానక్ ఝీరా గురుద్వారాకి వెళ్లినవాళ్లు అలా బండి మీద వెళ్లే సర్దార్జీలని చూసే ఉంటారు. ఆ మినహాయింపు వల్ల ప్రమాదం ఏదైనా ఉంటే అది ముందుగా ఆ తలకే. ఫోటో అలా కాదు. లైసెన్సు మీద ఫోటో ఉండేది నా పేరుతో ఇంకొకడు బండి తోలకుండా, ఒకడే రెండు లైసెన్సులు తీసుకోకుండా. అందుకే ఫోటో విషయంలో ప్రభుత్వం గట్టిగా ఉండటం తప్పు కాదు.

2006లో మద్రాసు హైకోర్టు ముందుకి దాదాపు ఇదే ప్రశ్న వచ్చింది. ఓటర్ల జాబితాలో గోషా మహిళల ఫోటోలు వెయ్యకూడదని ఒకాయన కేసు వేశారు. కోర్టు ఒప్పుకోలేదు. 2010లో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోలేదు. మొహం చూపించాల్సిన చోట చూపించాల్సిందే అని తేలిపోయింది. కానీ అదే ఎన్నికల్లో పోలింగ్ బూతు దగ్గర చూడండి. పర్దా మహిళల మొహం పోల్చుకోవడానికి ఆడ సిబ్బందిని పెడతారు, చాటు ఏర్పాటు చేస్తారు. రూలు మారలేదు, రూలు అమలుచేసే తీరులో మర్యాద ఉంది. పాస్‌పోర్టుకి కూడా అంతే. మతాచారం వల్ల తల కప్పుకున్నా సరే, గడ్డం నుంచి నుదుటిపైదాకా మొహం స్పష్టంగా కనబడితే చాలు. దేశం దాటడానికి పనికొచ్చే ఫోటో లింగసుగూరు రోడ్డు మీద స్కూటీ తోలడానికి పనికిరాదా?

ఇంతకంటే చిక్కు కేసు ఒకటి కెనడాలో జరిగింది. మన క్యాంపుల వాళ్లకి అది బాగా అర్థమవుతుంది. ఆల్బెర్టా రాష్ట్రంలో హట్టరైట్లని ఒక క్రైస్తవ శాఖ ఉంది. ఊరికి దూరంగా కాలనీలు కట్టుకుని, ఆస్తి అంతా ఉమ్మడిగా పెట్టుకుని, వ్యవసాయం చేసుకుని బతికే జనం. మనిషి రూపాన్ని బొమ్మగా తియ్యడం బైబిల్లోని రెండో ఆజ్ఞకి విరుద్ధమని వాళ్ల నమ్మకం, అందుకని ఫోటో దిగరు. 1974 నుంచి అక్కడి ప్రభుత్వం ఇలాంటివాళ్లకి ఫోటో లేని లైసెన్సులు ఇస్తూ వచ్చింది. 2003లో ఆ వీలు తీసేసింది. విల్సన్ కాలనీ వాళ్లు కోర్టుకెళ్లారు. కింది రెండు కోర్టుల్లో గెలిచారు. 2009 జులైలో కెనడా సుప్రీంకోర్టులో నలుగురు జడ్జీలు ప్రభుత్వం వైపు, ముగ్గురు వాళ్ల వైపు నిలిచారు. ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు.

ఎక్కువమంది జడ్జీలు చెప్పింది, దొంగ గుర్తింపులు ఆపాలంటే అందరి ఫోటోలూ ఒకచోట ఉండాలి, మీకు అభ్యంతరమైతే డ్రైవర్ని పెట్టుకోండి అని. తక్కువమంది అడిగింది, ఆ రాష్ట్రంలో అసలు లైసెన్సే లేనివాళ్లు 7 లక్షలకి పైగా ఉన్నారు కదా, వాళ్ల ఫోటోలు ఎలాగూ మీ దగ్గర లేవు, ఫోటో వద్దనే ఈ దాదాపు 250 మంది హట్టరైట్ల వల్ల ఎంత నష్టం అని. కాలనీ వాళ్లు ఒక రాజీ కూడా చెప్పారు. మా లైసెన్సు మీద "ఇది గుర్తింపు కార్డుగా చెల్లదు" అని ముద్ర వెయ్యండి, బండి తోలనివ్వండి అన్నారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు.

డ్రైవర్ని పెట్టుకోండి అనడం తేలిక. తుంగభద్ర ఎడమ కాలువ కింద క్యాంపులు కట్టుకున్న మన పెద్దల్ని అడగండి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చి, ఈ నల్లరేగడిలో వరి పండించిన రోజుల్లో బండి తోలేవాడు ఇంట్లో లేకపోతే వడ్లు మిల్లుకి చేరవు, పురుటినొప్పులొస్తే ఆస్పత్రికి చేరలేం. విడిగా బతికే ఊరికి లైసెన్సు విలాసం కాదు. అందుకే మాకు ఆ ముగ్గురు జడ్జీల మాటే న్యాయం అనిపిస్తుంది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో క్వారింగ్ అనే ఆమె సరిగ్గా ఇదే కారణం చెప్పి 1984లో అప్పీలు కోర్టులో గెలిచింది. 1985లో అక్కడి సుప్రీంకోర్టు జడ్జీలు నాలుగు నాలుగుగా చీలిపోవడంతో ఆ తీర్పే నిలిచింది. ఒకే ప్రశ్నకి రెండు దేశాల్లో రెండు జవాబులు వచ్చాయి. అంత గీత మీద ఉన్న విషయం ఇది.

అయితే మన దగ్గర ఫోటోనే వద్దనే మనిషిని మేము చూడలేదు. స్వామీ ఫోటోకే వెళ్లాడు, ఆ అమ్మాయీ ఫోటోకే వెళ్లింది. ఇద్దరి మొహాలూ కనబడుతున్నాయి. కాబట్టి మన దగ్గర అడగాల్సిన ప్రశ్న చిన్నది: తియ్యమన్నది దేనికోసం?

మొన్నమొన్న మన కళ్యాణ కర్ణాటకలోనే జరిగినవి గుర్తు తెచ్చుకోండి. 2023 అక్టోబరులో కలబురగి, యాదగిరిల్లో కేఈఏ పరీక్షల్లో బ్లూటూత్ పెట్టుకుని కాపీ కొట్టారు. ఆ తర్వాత తలా చెవులూ కప్పే గుడ్డలు పరీక్ష హాల్లో వద్దన్నారు. మంగళసూత్రం, మెట్టెలు ఉంచుకోవచ్చన్నారు. అక్కడ చెవి చూడటానికి ఒక కారణం ఉంది. ఆడమనిషి పక్కగదిలో తనిఖీ చేసి పంపితే సరిపోదా అని అడగొచ్చు, అడగాలి కూడా, కానీ కారణమంటూ ఉంది. 2025 ఏప్రిల్లో బీదర్‌లో సీఈటీకి వచ్చిన పిల్లాణ్ణి జంధ్యం తీస్తేనే లోపలికి అన్నారు. లెక్కల పరీక్ష పోయింది. జంధ్యంలో ఏ బ్లూటూత్ దాగుతుంది? అప్పుడు కులంతో పని లేకుండా మనందరం కోప్పడ్డాం. అది సరైన కోపం. ఆ కోపాన్నే స్కార్ఫు దగ్గర కూడా పెట్టి చూడమంటున్నాం. లైసెన్సు ఫోటోలో చెవులు చూసి మనిషిని పోల్చుకునే పోలీసు మాకింతవరకు తగల్లేదు.

ఇంకో మాట, కొందరికి కష్టంగా ఉండొచ్చు. ఫోటో అసలు ఉద్దేశం లెక్క తీస్తే ఆ అమ్మాయి కంటే మన స్వామి కేసే బలహీనం. స్కార్ఫు మొహాన్ని మార్చదు, గడ్డం మారుస్తుంది. 30 ఏళ్లు నిండనివాడికి ఇచ్చే లైసెన్సు వాడికి 40 వచ్చేదాకా చెల్లుతుంది. మాల తీసి నున్నగా గీసుకున్నాక అన్నేళ్లూ ఆ ఫోటోతోనే తిరగాలి. రాత్రిపూట ఆపిన పోలీసు రెండుసార్లు చూస్తాడు. మాల తీశాక రమ్మని మర్యాదగా చెప్పినా మనం తప్పుపట్టలేం. చెప్పిన తీరు తప్పు, విభూతి తుడుచుకోమనడం తప్పు. ఆ స్వామికి మన ఇంటి పెద్దగా అయితే మనమూ అదే చెబుతాం: నలభై ఒక్క రోజులే కదా నాయనా, దీక్ష అయ్యాక వెళ్లు.

కొందరు అనొచ్చు, వాళ్ల సంఘాలు వాళ్లకున్నాయి, మన సంగతి మనం చూసుకుందాం అని. ఈ జిల్లాలో మనం కూడా తక్కువమందిమే. భాష వేరు, పండగ తీరు వేరు. రేపు ఏదైనా ఆఫీసులో మన ఆడపిల్లకి ఇలా జరిగితే పక్కన లైనులో ఉన్నవాడు మన కోసం నోరు విప్పాలంటే, ఈరోజు మనం విప్పి ఉండాలి. పైగా ఆ అమ్మాయి మన మిల్లులో మన లెక్కలు రాస్తోంది.

అందుకని ముసాయిదాని ఇలా మార్చమని అడుగుతున్నాం. లైసెన్సు ఫోటోలో నుదురు నుంచి గడ్డం దాకా మొహం స్పష్టంగా కనబడాలి, ఇందులో ఎవరికీ మినహాయింపు వద్దు. మొహం దాచని బొట్టు, విభూతి, తలపాగా, స్కార్ఫు, కొంగు ఏవీ తియ్యమనకూడదు, ఇది ఏ మతం వాళ్లకైనా. మొహం మీద ముసుగు తియ్యాల్సి వస్తే ఆడ సిబ్బంది ముందు, చాటున, నిమిషంలో అయిపోవాలి. ఈ పద్ధతి కన్నడంలో, తెలుగులో, ఉర్దూలో రాసి కౌంటరు దగ్గర గోడకి అంటించాలి. అప్పుడు కెమెరా దగ్గర కూర్చున్నాయన ఇష్టం మీద ఏదీ ఆధారపడదు, ఆయనకీ తలనొప్పి తగ్గుతుంది.

ఒప్పుకోనివాళ్లు కింద రాయండి, మీటింగులో లేచి చెప్పండి, వింటాం. మేము తప్పయితే సరిదిద్దుకుంటాం. ఆ అమ్మాయి మెసేజీ కింద ఆరోజు ఏమీ రాయకుండా ఊరుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం. ఆ బాకీ ఆదివారం తీర్చుకుందామనే ఈ పోస్టు.