బాటిలు పెట్టే ముందు ఒక్క మాట అడగండి

బరువు తగ్గడానికి పొట్టకు ఆపరేషన్ చేయించుకున్న మనిషి మీ ఇంట్లో ఉన్నారా? ఆ మనిషికి రెండు మూడు రోజులుగా వాంతులు ఆగడం లేదా? అయితే ఉత్త గ్లూకోజు బాటిలు పెట్టించకండి. ముందుగా, కనీసం దాంతోపాటే, బి1 విటమిన్ ఇంజెక్షను పడాలి. మందుల షాపులో థయమిన్ అని అడిగితే తెలుస్తుంది. మిగతాదంతా చదివే తీరిక లేకపోయినా ఈ మాట మాత్రం మీ ఊరి ఆర్‌ఎంపీకి, ఏఎన్‌ఎంకు, ఆశా కార్యకర్తకు ఇవాళే చెప్పండి.

మన బొల్లాపల్లి మండలంలో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే మొదట తలుపు తట్టేది ఆర్‌ఎంపీ ఇంటినే. వినుకొండో నరసరావుపేటో వెళ్లడమంటే పని మానుకోవాలి, తోడు మనిషి కావాలి, డబ్బు చూసుకోవాలి. అర్ధరాత్రి పిలిచినా వచ్చే ఆర్‌ఎంపీని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆయనకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదన్న భయంతో రాస్తున్నాం. వాంతులై నీరసించిన మనిషిని చూడగానే చుట్టూ ఉన్నవాళ్లు అనేది ఒకటే: ‘ఒక బాటిలు పెట్టండి డాక్టరుగారూ, ఓపికొస్తుంది.’ ఆ బాటిళ్లలో ఉప్పునీళ్లవి ఉంటాయి, చక్కెర నీళ్లవి ఉంటాయి, రెండూ కలిపినవీ ఉంటాయి. మనం మాత్రం అన్నిటినీ సెలైన్ అనే అంటాం. మామూలు మనిషికి ఏది పెట్టినా పెద్దగా ప్రమాదం ఉండకపోవచ్చు. పొట్ట చిన్నది చేయించుకుని, వారాల తరబడి సరిగ్గా తినని మనిషికి ఆ తేడానే కీలకం.

మన ఒంట్లో బి1 నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. తినే తిండితో ఎప్పటికప్పుడు నింపుకోవలసిందే. ఆపరేషన్ అయిన కొత్తలో తినేదే గుక్కెడు. పైగా వాంతులు పట్టుకుంటే మింగిన విటమిన్ బిళ్ల కూడా కడుపులో నిలవదు. నిల్వ అడుగంటుతుంది. గ్లూకోజును శక్తిగా మార్చుకోవాలంటే ఒంటికి బి1 కావాలి. అడుగంటిన చోట గ్లూకోజు వచ్చి పడితే మిగిలిన కాస్తా దానికే ఖర్చైపోతుంది, మెదడుకు శక్తి అందదు. ఎదుట ఉన్నది రెండుగా కనిపిస్తుంది, కనుగుడ్లు అదురుతాయి. నడక తూలుతుంది. మాట పొంతన తప్పుతుంది, మనిషి అయోమయంలో పడతాడు. కార్ల్ వెర్నికీ అనే జర్మన్ వైద్యుడు 1881లోనే ఈ జబ్బును వర్ణించాడు. ఈ లక్షణాలన్నీ ఒక్కసారిగా కనిపించాలని లేదు, ఒక్కటి కనిపించినా చాలు. వెంటనే బి1 పడితే తేరుకునే అవకాశం బాగా ఉంటుంది. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి పోయి మళ్లీ రాకపోవచ్చు, కాళ్లు పట్టు తప్పి నడక శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ‘నీరసానికి తూలుతున్నాడులే’ అనుకుని మరో బాటిలు పెట్టించే ఇళ్లలో పోయేది ఈ సమయమే.

ఇక్కడ ఇంకో మాట కూడా స్పష్టంగా చెప్పాలి. పరీక్ష చేస్తే రక్తంలో షుగరు నిజంగానే పడిపోయి ఉందనుకోండి, అప్పుడు గ్లూకోజు ఆపకూడదు. అది ప్రాణం నిలిపే మందు. దాన్ని ఇస్తూనే బి1 ఇవ్వాలి. షుగరు బాగానే ఉండి ఒంట్లో నీరు మాత్రమే తగ్గితే ఉప్పునీళ్ల సెలైను పెట్టి పెద్దాసుపత్రికి పంపాలి. ఆపరేషన్ అయిన మనిషికి ఆగని వాంతులు ఊళ్లో పెట్టుకు చూసుకునే జబ్బు కాదు. లోపల దారి ఇరుకైపోయి ఉండవచ్చు, పేగు మెలిపడి ఉండవచ్చు. 108కు ఫోన్ చేయాల్సిందే.

బి1 లోపం మన నేలకు కొత్త కాదు. గుంటూరు సర్కారు ఒకప్పుడు ఉత్తర సర్కారుల్లో భాగం. ఆ సర్కారుల్లో కాళ్లు చచ్చుబడి, ఒళ్లు నీరుపట్టి జనం పోతుంటే, మద్రాసు సైన్యంలో వైద్యుడిగా ఉన్న జాన్ గ్రాంట్ మాల్కమ్‌సన్ 1835లో బెరిబెరి మీద ఒక గ్రంథమే అచ్చువేశాడు. తవుడంతా పోయేలా పాలిష్ పట్టిన బియ్యంలో బి1 మిగలదన్న సంగతి లోకానికి అర్థం కావడానికి ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు పట్టింది. అప్పట్లో తిండిలో బి1 లేక వచ్చిన జబ్బు ఇప్పుడు తిండి తినలేక వచ్చే ముప్పుంది. పేరు మరిచిపోయాం కనుక గుర్తుపట్టడమే కష్టమైపోయింది.

మరి ఆర్‌ఎంపీకి ఆపరేషన్ సంగతి ఎలా తెలుస్తుంది? చాలా ఇళ్లలో చెప్పరు. పెళ్లికావలసిన పిల్ల అని ఒకరు, నలుగురూ నవ్వుతారని ఒకరు దాచిపెడతారు. చూసి పసిగడదామన్నా వీల్లేదు. లాప్రోస్కోపీలో పొట్ట మీద మిగిలేవి ఐదారు చిన్న గాట్లే, కొన్నాళ్లకు అవీ కలిసిపోతాయి. చెప్పినా చిక్కే. ‘బైపాస్ అయింది’ అంటే మన ఊళ్లో గుండెకు అయిందనుకుంటారు. అందుకే ఇంటివాళ్లు నోరు తెరిచి చెప్పాలి, బాటిలు పెట్టేవాళ్లు నోరు తెరిచి అడగాలి: ‘లావు తగ్గడానికి పొట్టకు ఏమన్నా ఆపరేషన్ అయిందా?’ ఆడమనిషైతే పక్కన జనం లేకుండా అడగండి.

ఈ ఆపరేషన్ అనగానే తెలుగువాళ్లకు ఆర్తి అగర్వాల్ గుర్తొస్తుంది. ‘నువ్వు నాకు నచ్చావ్’ కథానాయిక 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్లకే కన్నుమూసింది. అంతకు కొన్ని వారాల ముందు కొవ్వు తీయించుకుందని అప్పటి పత్రికలు రాశాయి. అది లైపోసక్షన్. చర్మం కింది కొవ్వును గొట్టంతో పీల్చేయడం. ఆకారం సరిదిద్దుకునేందుకు చేసేదే తప్ప స్థూలకాయానికి వైద్యం కాదు. మనం మాట్లాడుతున్నది వేరు. స్లీవ్ అనే ఆపరేషన్‌లో జీర్ణాశయంలో దాదాపు ముప్పాతిక భాగం కోసి తీసేస్తారు, అరటికాయంత సన్నటి గొట్టం మిగులుతుంది. బైపాస్‌లో చిన్న సంచిలాంటి భాగాన్ని విడదీసి పేగుకు కలుపుతారు, తిన్నది కొంత పేగును దాటుకుని పోతుంది. లైపోసక్షన్‌నూ ఈ ఆపరేషన్లనూ ఒకే గాటన కట్టి, ‘అదంతా సినిమావాళ్ల సోకు’ అనుకోవడం వల్లే ఆ తర్వాతి జాగ్రత్తలు మన చెవికి ఎక్కడం లేదు.

ఇది సోకు కాదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి వంద మంది స్త్రీలలో సుమారు 36 మంది ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు. షుగరు, బీపీ, మోకాళ్లు, నిద్రలో ఊపిరి ఆగడం... అన్నీ చుట్టుముట్టాక సరైన మనిషికి సరైన చోట చేస్తే ఈ ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. చేయించుకున్నవాళ్లను భయపెట్టడం మా ఉద్దేశం కాదు. ఆపరేషన్ రెండు మూడు గంటల్లో అయిపోతుంది, ఆ పొట్టతో బతకాల్సింది బతుకంతా. హైదరాబాదులోనో గుంటూరులోనో కుట్లు పడిన మనిషి ఆ బతుకు బతకాల్సింది ఇక్కడ, మన మధ్య.

ఇంటికొచ్చిన మొదటి వారాల్లో జ్వరం, ఆగని గుండెదడ, ఆయాసం, కడుపులోనో ఎడమ భుజంలోనో నొప్పి వస్తే కుట్టిన చోట లీకై ఉండవచ్చు. ఒక పిక్క వాచి నొప్పెడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. గ్యాస్ బిళ్ల వేసి తెల్లారనిద్దామనుకోవద్దు, ఆ రాత్రే బయల్దేరండి.

షుగరు మందుల దగ్గర మరో గొయ్యి ఉంది. ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే చాలామందికి షుగరు పడిపోతుంది. పాత చీటీ చూసి మందుల షాపులో అవే గ్లిమిపిరైడ్ బిళ్లలు, అదే మోతాదు ఇన్సులిన్ తెచ్చి వాడితే చెమటలు పట్టి, స్పృహ తప్పి పడిపోతారు. బీపీ బిళ్లలదీ అదే కథ. ఆపరేషన్ తర్వాత ఇచ్చిన కొత్త చీటీ ఒక్కటే ఇంట్లో ఉండాలి. పాతది చించేయండి.

ఇక తిండి. మన ఇళ్లలో ప్రేమంటే పెట్టడమే. ‘ఇంకో ముద్ద తినమ్మా, ఎలా చిక్కిపోయావో’ అని అమ్మమ్మ కలిపిన ముద్ద నోటికి అందిస్తే కాదనలేం. కానీ ఆ ముద్ద ఇప్పుడు నిజంగానే ఎక్కువ. మొదటి రెండు వారాలు పలచటి ద్రవాలు, ఆ తర్వాత మెత్తగా మెదిపినవి, నెలా రెండు నెలలకు గాని మామూలు తిండి ఉండదు. వారాల లెక్క మీ సర్జను చెప్పిందే పాటించాలి. మామూలు తిండి మొదలయ్యాకా అది పది ముద్దల భోజనం కాదు. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు పడాలంటారు డాక్టర్లు. కోడిగుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. రాగిజావ మంచిదే కాని దాంతోనే రోజు గడిపితే ఈ లెక్క ఏ మూలకూ రాదు, కండ కరిగిపోతుంది. అందుకే కంచంలో ముందు గుడ్డు, చేప, కోడికూర మెత్తటి ముక్క, గట్టి పప్పు, పెరుగు తినాలి. చోటు మిగిలితేనే అన్నం. మనం తరతరాలుగా తిన్న వరుసకు ఇది పూర్తిగా తలకిందులు, అలవాటయ్యేదాకా ఇంటిల్లిపాదీ ఓపిక పట్టాలి. అరిసెలు, బూరెలు, కూల్‌డ్రింకు పడితే బైపాస్ అయినవాళ్లకు ముఖ్యంగా గుండెదడ, చెమటలు, విరేచనాలు వస్తాయి. పండగ పూట వద్దన్నారని నొచ్చుకోకండి.

నీళ్లు అన్నంతో కలిపి తాగకూడదు, తిన్న తర్వాత అరగంట ఆగాలి. గటగటా తాగితే కక్కుకుంటారు. గుక్కగుక్కగా రోజంతా కలిపి లీటరున్నర తగ్గకూడదు. ఇది మామూలు రోజుల లెక్క. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల ఉన్న పల్నాడు మనది. వేసవిలో మిరప కల్లం దగ్గర కూర్చునే మనిషికి ఆ లీటరున్నర చాలదు. సీసా పక్కన పెట్టుకుని పది నిమిషాలకో గుక్క వేయాలి. మూత్రం చిక్కటి పసుపులోకి మారిందంటే వెనకబడ్డట్టే.

మిరప కోతల్లో, పత్తి తీతల్లో నడుము పట్టేస్తే మనవాళ్లు వేసుకునే నొప్పిబిళ్లలు, వేయించుకునే నొప్పి ఇంజెక్షన్లు కూడా ఈ మనుషులకు విషమే. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కుట్టుపడిన చోట పుండు చేస్తాయి. అది చిల్లిపడి కడుపులోకి కారితే మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాలి. బైపాస్ అయినవాళ్లు వీటిని అసలు ముట్టకూడదు. నొప్పికి పారాసిటమాల్ అడగండి. చుట్ట, బీడీ, సిగరెట్టూ ఆ పుండుకు దోహదమే. మందు సంగతి చెప్పక తప్పదు. ఆపరేషన్‌కు ముందు ఒకటి రెండు పెగ్గులు తట్టుకున్నవాడు ఇప్పుడు సగానికే తూలుతాడు, తిండి మీద తీరని యావ కొందరిలో తాగుడు మీదికి మళ్లుతుంది. మగవాళ్లున్న ఇళ్లు ఇది కనిపెట్టుకుని ఉండాలి.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. బరువు తగ్గగానే పెళ్లి, పెళ్లి కాగానే బిడ్డ అని తొందరపెట్టకండి. తగ్గిన బరువుతో గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది, లోపల విటమిన్ల నిల్వ మాత్రం అట్టడుగున ఉంటుంది. ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర గర్భం వద్దంటారు. బైపాస్ అయితే గర్భనిరోధక బిళ్ల సరిగా పనిచేయకపోవచ్చు, వేరే పద్ధతి డాక్టరును అడగాలి. గర్భిణికి మెలిపెట్టే కడుపునొప్పి వస్తే ఆపరేషన్ అయి ఎన్నేళ్లయినా ఆ సంగతి మొదట చెప్పాలి.

‘ఇంగ్లీషు బిళ్లలు వేడి చేస్తాయి, ఇన్ని నెలలు వేసుకున్నావు చాల్లే’ అనే మాట మానండి. ఐరన్, కాల్షియం, డి, బి12 జీవితాంతం వాడాల్సినవే. బి12 నిల్వ ఏళ్లపాటు వస్తుంది కాబట్టి ఆపేసినా మొదట్లో ఏమీ కాదు. రెండు మూడేళ్లకు కాళ్లు తిమ్మిరెక్కి, రక్తం పలచబడినప్పుడు ఆ బిళ్ల ఎవరికీ గుర్తుండదు. ఐరన్, కాల్షియం కలిపి మింగవద్దు, మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మీద టీ తాగవద్దు. మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆపైన ఏటా రక్తపరీక్ష చేయించాలి. మూడు నాలుగు నెలలకు జుట్టు ఊడుతుంది, మళ్లీ వస్తుంది. ఒళ్లు ఒక్కసారిగా తగ్గిన మనిషిని చూసి ‘ఏదో పెద్ద రోగమట’ అని అరుగుల మీద అనుకునే మాటలు కూడా వాళ్లను గుమ్మం దాటనీయవు. దయచేసి అనకండి.

జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారులను మేం కోరేది పెద్ద పని కాదు. మండలంలోని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో థయమిన్ ఇంజెక్షన్లు ఎప్పుడూ ఉంచండి. ఏఎన్‌ఎంలు, ఆశాలతోపాటు ఆర్‌ఎంపీలనూ ఒక పూట కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పండి. వాళ్ల అర్హతల మీద వాదన తర్వాత చేసుకోవచ్చు, బాటిలు పెడుతున్నది మాత్రం ఇవాళ వాళ్లే. ఆపరేషన్ చేసే ఆసుపత్రులు ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే ఇంగ్లీషు కాగితాల కట్టకు తెలుగులో ఒక్క పేజీ జతచేయాలి.

ఆ పేజీ వచ్చేదాకా ఆగకండి. ఇవాళే ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఒకటి ఆ మనిషి పర్సులో పెట్టండి, ఒకటి గోడకు అంటించండి, ఒకటి ఆర్‌ఎంపీ చేతికివ్వండి: ‘నాకు బరువు తగ్గడానికి పొట్టకు ఆపరేషన్ అయింది. గుండెకు కాదు. వాంతులు ఆగకపోతే గ్లూకోజుకు ముందు, కనీసం దాంతోపాటే, బి1 ఇంజెక్షను ఇవ్వండి. నొప్పికి డైక్లోఫెనాక్ ఇవ్వవద్దు. నా షుగరు చూడండి. 108కు ఫోన్ చేయండి.’ కింద ఆపరేషన్ పేరు, తేదీ, చేసిన ఆసుపత్రి ఫోన్ నంబరు రాయండి.