విద్యుత్తు బండ్లు - కంపెనీల పూచీ

2022 ఏప్రిల్ 4వ తేదీన ఏలూరు జిల్లా క్రొత్తగా నేర్పడినది. ఆ నెల గడువక మునుపే, ఏలూరునకు అరువది కిలోమీటర్ల దూరమున నున్న విజయవాడలో, 23వ తేదీ తెల్లవారుజామున, ఒక యింటి పడకగదిలో ఛార్జింగునకు పెట్టిన విద్యుత్తు బండి బ్యాటరీ ప్రేలినది. నలువది యేండ్ల గృహస్థు మరణించెను. భార్యయు బిడ్డలును కాలిన గాయములతో ఆసుపత్రి పాలైరి. ఆ బండిని వారు కొని తెచ్చినది ముందటి దినముననే! అదే వారములో నిజామాబాదున నిట్టి ప్రేలుడే సంభవించి యెనుబదియేండ్ల వృద్ధుడు ప్రాణములు గోలుపోయెను. సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదులో, ఒక హోటలు క్రింది భాగమున నున్న విద్యుత్తు స్కూటర్ల దుకాణములో మంటలు రేగి, ఆ పొగ పై అంతస్తుల కెగబ్రాకగా ఎనిమిదిమంది చనిపోయిరి. వారిలో పెక్కురు హోటలులో బస చేసిన బాటసారులు. స్కూటరు కొనినవారు గారు. దాని నెక్కినవారు గారు.

పత్రికలు వ్రాసినవి; ప్రజలు అయ్యో యనిరి; అధికారులు విచారణ యనిరి. అంతట వేరొక వార్త వచ్చి దానిని మరపించినది. ఆ విచారణల ఫలితమేమి, ఎవరు శిక్ష ననుభవించిరి, ఏ కంపెనీ యెంత చెల్లించినది అని మన పఠన మందిరములలో నొక్కరి నడుగుడు. చెప్పగలవారు కనబడరు. ఈ విస్మృతియే మమ్ము కలము పట్టునట్లు చేసినది.

మేము విద్యుత్తు బండ్లకు విరోధులము కాము. ఈ మాట ముందుగనే చెప్పుట మంచిది. లేనిచో మమ్ము ఎడ్లబండి కాలమువారిగా లెక్కవేయుదురు. పెట్రోలు ధర చూచి నిట్టూర్చు గుమాస్తాకు, తాడేపల్లిగూడెము బజారు వీధులలో సరకు చేరవేయు కుఱ్ఱవానికి, ఆకివీడు, కైకలూరు ప్రాంతమున తెల్లవారకముందే చెరువు గట్టు మీదికి పోయి మేత చూచుకొనవలసిన చేపల రైతునకు ఈ బండి నిజముగా మేలు చేసినది. చప్పుడు లేదు, పొగ లేదు, ఖర్చు స్వల్పము. మేలు చేయు వస్తువు కనుకనే అది యింటిలోనికి వచ్చినది. పెట్రోలు బండిని వాకిట నిలిపెదము. దీని బ్యాటరీని మాత్రము ఊడదీసి, పడకగదిలో, పసిపిల్లల మంచము ప్రక్కన పెట్టి, ఛార్జి యెక్కించి నిద్రపోవుచున్నాము. ఇంత నమ్మకముతో మన మింటిలోనికి తెచ్చుకొనిన యంత్రము మరియొకటి కలదా? ఆ నమ్మకమునకు పూచీ పడినవారెవరు?

చట్టము లేకపోలేదు. 2019లో పార్లమెంటు మోటారు వాహనముల చట్టమును సవరించి, 110-ఏ అను సెక్షనును చేర్చినది. ఒక రకము బండిలోని దోషము వలన దాని నెక్కినవారికి గాని, రోడ్డుమీది యితరులకు గాని, పరిసరములకు గాని హాని కలుగునని తేలినచో, ఆ రకము బండ్లనన్నిటిని వెనుకకు పిలిపింపుమని, అనగా రికాలు చేయుమని, కేంద్ర ప్రభుత్వము కంపెనీని శాసింప వచ్చును. కంపెనీ కొనుగోలుదారునకు పూర్తి సొమ్ము తిరిగి యీయవలయును. లేదా దోషములేని వేరొక బండి నీయవలయును. 182-ఏ సెక్షను మరింత కఠినమైనది. నియమములను మీరిన తయారీదారునకు ఒక సంవత్సరము వఱకు కారాగారము, నూరు కోట్ల రూపాయల వఱకు జుల్మానా, లేక రెండును విధింప వచ్చును. రికాలు నియమములు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. అనగా విజయవాడ గృహస్థు మరణించునాటికి ఈ కత్తి యొరలో సిద్ధముగ నుండి ఒక సంవత్సరము దాటినది.

కత్తి యొరనుండి వెడలెనా? 2022 ఏప్రిల్ 21వ తేదీన కేంద్ర రవాణా మంత్రి గడ్కరీగారు నిపుణుల సంఘమును నియమించితిమనియు, అశ్రద్ధ చేసిన కంపెనీలకు భారీ జుల్మానా విధించి బండ్లను రికాలు చేయింతుమనియు ప్రకటించిరి. ఈలోగా కంపెనీలు తామే దోషముగల బండ్లను వెనుకకు తీసికొనవచ్చునని హితవు చెప్పిరి. ఆ నెలలోనే ఒకినావా కంపెనీ 3,215 బండ్లను, ప్యూర్ ఈవీ 2,000 బండ్లను, ఓలా 1,441 బండ్లను పరీక్షకై వెనుకకు పిలిచినవి. మంచిదే. కాని యివి యన్నియు కంపెనీలు తమంతట తాము చేసినవి. తాము నిర్ణయించిన సంఖ్య, తాము నిర్ణయించిన గడువు, తామే పరీక్షకులు. ముద్దాయియే న్యాయాధిపతి పీఠమున కూర్చుండి తనకు తానే తీర్పు చెప్పుకొనుటకును దీనికిని భేదమెంత?

బ్యాటరీల పరీక్షా ప్రమాణములను గట్టిపరచుచు క్రొత్త నియమములు కూడ వచ్చినవి. వాని మేలును మేము కాదనము. బ్యాటరీ పెట్టె నీట మునిగినను లోనికి నీరు చొరరాదను నియమము, బుడమేరు పొంగి కొల్లేటికి వచ్చినప్పుడెల్ల మోకాలి లోతు నీటిలో బండి నడుపుకొను మన ప్రాంతమునకు ఎంత ముఖ్యమో వేరుగ చెప్ప బనిలేదు. కాని 2022 అక్టోబరు 1 నుండి అన్నది డిసెంబరు 1 అయినది. మిగిలిన భాగము 2023 మార్చి 31కి జరిగినది. ఆ తేదీలకు ముందు అమ్ముడైన బండ్ల మాటయో? అవి మన వీధులలోనికి వచ్చినవి, చేతులు మారినవి, కొన్ని బ్యాటరీలు విప్పబడి మరల కూర్పబడినవి. క్రొత్త నియమము క్రొత్త బండికే వర్తించును. నిప్పునకు ఆ భేదము తెలియదు.

ఇక్కడ పాఠకులొక విషయమును శ్రద్ధగా గమనింప వలయునని కోరుచున్నాము. ప్రభుత్వమునకు చేతగాదని మేము చెప్పుట లేదు. చేతనగుననుటకే నిదర్శనము కలదు. విద్యుత్తు బండ్ల ప్రోత్సాహమునకై 2019 నుండి 2024 మార్చి వఱకు ఫేమ్ పథకపు రెండవ దశ నడచినది. 2021 జూను నుండి ద్విచక్ర వాహనమునకు బ్యాటరీ శక్తిలో కిలోవాటు అవరు ఒక్కంటికి 15,000 రూపాయల చొప్పున ఖజానానుండి సబ్సిడీ యిచ్చిరి. 2023 జూనులో దానిని 10,000కు తగ్గించిరి. సబ్సిడీ పొందు బండి భాగములు నానాటికి స్వదేశమున తయారగు వానిగ నుండవలెనని షరతు. కొన్ని కంపెనీలు విదేశముల నుండి దిగుమతియైన భాగములను తెచ్చి బిగించి, స్వదేశి ముద్ర వేసి, ప్రజల సొమ్మును పుచ్చుకొనినవని విచారణలో తేలినదని ప్రభుత్వమే చెప్పినది. ఏడు కంపెనీలను రమారమి 469 కోట్ల రూపాయలు తిరిగి చెల్లింపుమని 2023లో ఆజ్ఞాపించినది, కొన్ని చెల్లించినవి. ఛార్జరు వెలను విడిగా వసూలుచేసి బండి ధరను తక్కువగా చూపిన మరికొన్ని పెద్ద కంపెనీలచేత ఆ సొమ్మును కొనుగోలుదారులకు తిరిగి యిప్పించినది. లెక్కలు తీయించినది, భాగములు విప్పించి చూచినది, సబ్సిడీ నాపినది, కంపెనీల మెడలు వంచినది.

స్వదేశి యను పదమునకు ఈ దేశమున నొక చరిత్ర కలదు. ఆ పేరుమీద మన తాతలు విదేశపు బట్టలను నడివీధిలో తగులబెట్టిరి. ఆ పేరుమీదనే మనుమలకు అరువు యంత్రములను అంటగట్టుటను చూచుటకు వారు లేకపోవుట యొకవిధముగ మేలేమో. అది యటుండనిండు. మా ప్రశ్న వేరు. ఖజానా రూపాయి పోయినపుడు అంత చుఱుకుగ లేచిన చేయి, గృహస్థుని ప్రాణము పోయినపుడు నోటీసు వ్రాసి యేల యాగుచున్నది? రూపాయి లెక్క తప్పినదని కనిపెట్టిన కన్నులకు బ్యాటరీలోని లోపము కనబడదా?

కంపెనీలవారి సమాధానమును కూడ వినుట న్యాయము. కొనినవారు వేరు ఛార్జరును వాడుచున్నారు, ఎండలో నిలిపిన వేడి బండికి వెంటనే ఛార్జి పెట్టుచున్నారు, రాత్రియంతయు వదలివేయుచున్నారు అని వారందురు. ఇందులో కొంత నిజము కలదు; మన జనులును జాగ్రత్త పడవలయును. కాని రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని మన పల్లెలో పసివానికిని తెలియును. ఈ దేశమున సరకు అమ్మవచ్చిన కంపెనీకి ఈ దేశపు ఎండ తెలియదా? వేడియెక్కిన బ్యాటరీ తనంతట తాను ఛార్జి నాపుకొనునట్లు చేయుట అసాధ్యమేమియు గాదు. కావలసినది మంచి సరకు, దానికి తగిన ఖర్చు. చౌకగ అమ్ముటకై ఆ ఖర్చును మిగుల్చుకొని, ప్రేలిన పిమ్మట నేరమును చచ్చినవానిమీద త్రోయుట ధర్మము కాదు.

చట్టము మాటకు మరల వత్తము. దోషమును ప్రభుత్వమునకు తెలుపదగినవారు మూడు విధములు: నిర్ణీత సంఖ్యలో యజమానులు, పరీక్షా సంస్థలు, ఇతరులు. ఆచరణలో భారమంతయు యజమానుల ఫిర్యాదుల లెక్కమీదనే పడుచున్నది. కొల్లేటి లంక గ్రామములో సెకండు హ్యాండు బండి కొనినవాడు ఢిల్లీలోని పోర్టలులో ఇంగ్లీషున ఫిర్యాదు నమోదు చేయునా? కంపెనీ రికాలు చేసినను ఆ కబురు పోవునది మొదటి యజమాని ఫోనునకు. అతడు బండి నమ్మి రెండేండ్లయి యుండును. ఇంకొక చిత్రము వినుడు: 250 వాట్లకు మించని మోటారుతో, గంటకు 25 కిలోమీటర్ల వేగము దాటని బండి చట్టరీత్యా మోటారు వాహనమే కాదు. రిజిస్ట్రేషను లేదు, లైసెన్సు లేదు, కనుక రికాలు చట్టమునకును అందదు. వృద్ధులు, బడిపిల్లలు నడుపునవి తఱచుగ ఇవియే!

ఫిర్యాదులు రాక కాదు. 2023 సెప్టెంబరు మొదలు 2024 ఆగస్టు వఱకు ఒక్క ఓలా కంపెనీమీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు 10,644 ఫిర్యాదులు వచ్చినవని ప్రభుత్వమే ప్రకటించి నోటీసు పంపినది. వానిలో నూటికి తొంబదితొమ్మిదికి పైగా పరిష్కరించితిమని కంపెనీ సమాధానము చెప్పినది. ఎవరు తూచవలయును ఈ మాటను?

అమెరికాలో జరిగిన యొక సంగతి ఇచ్చట చెప్పదగినది. జనరల్ మోటార్సు కంపెనీ కార్లలో తాళపుచెవి స్విచ్చి దానంతటది కట్టుపడి, ఇంజను ఆగి, గాలిసంచులు తెఱచుకొనక జనులు మరణించుచుండిరి. లోపమున్నదని కంపెనీలోనివారికి పదియేండ్లుగ తెలియును. 1966 నుండి గట్టి చట్టమున్న దేశమది; ప్రభుత్వ శాఖ కన్నులెదుటనే జరిగినది. బయటపడుట యెట్లు? 2010లో జార్జియా రాష్ట్రమున మరణించిన యొక యువతి తలిదండ్రులు ఊరకుండలేదు. వారి వకీలు నియమించిన ఇంజనీరు ఆ కారు స్విచ్చిని విప్పి, తరువాతి కార్ల స్విచ్చితో పోల్చి చూచెను. కంపెనీ లోపలి భాగమును మార్చినది, కాని దాని సంఖ్యను మార్చలేదు! అప్పటికే తెలిసి, దాచి, సవరించిరనుటకు అదియే సాక్ష్యము. 2014లో ఆ కంపెనీ ఈ స్విచ్చి నిమిత్తమై ఇరువదియారు లక్షల కార్లను వెనుకకు పిలువవలసి వచ్చినది. దాని పరిహార నిధియే 124 మరణములను అంగీకరించినది. 2015లో తొంబది కోట్ల డాలర్లు చెల్లించినది. ఇంతకును మూలము, కాలిపోని, పారవేయబడని యొక చిన్న భాగము. దానిని చదువగల యొక ఇంజనీరు.

మన ప్రాంతమున కాలిన బ్యాటరీ యేమగుచున్నది? మెకానిక్కు తీసికొని పోవును. లేక పాత ఇనుము కొట్టునకు చేరును. లేదా డీలరు వచ్చి మంచిమాటలు చెప్పి, మారుగ నొకటి యిచ్చి పాతదానిని పట్టుకొనిపోవును. సాక్ష్యము పోయినది. వాహన పరీక్షా సంస్థలున్నవి పూనాలో, మానేసరులో, చెన్నపట్నములో. అచటికి మన ఏలూరు వాడు కాలిన పెట్టెను నెత్తిన పెట్టుకొని పోగలడా? తాడేపల్లిగూడెములో 2015లో స్థాపింపబడిన జాతీయ సాంకేతిక విద్యాలయము కలదు. విద్యుత్తు, యంత్ర, లోహ శాస్త్రములు బోధించు ఆచార్యులున్నారు. ఉభయ గోదావరి, కృష్ణా, ఏలూరు జిల్లాలలో కాలిన ప్రతి బ్యాటరీని అగ్నిమాపక శాఖవారు ముద్రవేసి అచటికి పంపునట్లును, ఆ విద్యాలయమును చట్టము చెప్పు పరీక్షా సంస్థలలో నొకటిగ గుర్తించునట్లును ఏర్పాటు చేయుటకు అడ్డమేమి? మన పార్లమెంటు సభ్యులు ఇది యడుగవలయును. వీథిదీపము వేయించుటకన్న ఇది వారికి తగిన పని.

వేగము తక్కువ బండ్లను రికాలు చట్టము క్రిందికి తేవలయును. రికాలు ప్రకటనలు తెలుగున అచ్చయి ప్రతి జిల్లా రవాణా కార్యాలయములోను, ప్రతి గ్రంథాలయములోను గోడకు అంటింపబడవలయును. బండి చేతులు మారినపుడు, ఆ బండి రికాలులో నున్నదా, సరిచేయబడినదా యని రవాణా కార్యాలయమువారు చూచి చెప్పవలయును. వీనికి కోట్లు ఖర్చు కావు.

అంతవఱకు పాఠకులు చేయదగినది కొంత కలదు. వినియోగదారుల రక్షణ చట్టము 2019లో క్రొత్తగ వచ్చినపుడు, లోపముగల వస్తువు వలన హాని కలిగినచో తయారీదారుడు, అమ్మినవాడు కూడ పూచీ పడవలెనని చేర్చిరి. కంపెనీ బెంగుళూరున నున్నను, గుర్‌గాంవ్‌లో నున్నను, ఫిర్యాదుదారుడు తాను నివసించు జిల్లాలోనే దావా వేయవచ్చును. ఏలూరులో జిల్లా కమిషను కలదు. చెల్లించిన వెల అయిదు లక్షలు మించనిచో రుసుము లేదు. స్కూటర్లన్నియు ఆ లోపలివే. 1915 అను సంఖ్యకు ఫోను చేసి నమోదు చేయించుకొనవచ్చును. రసీదును, ఛార్జరును దాచుడు. బండి కాలినచో ఛాయాచిత్రములు తీయింపుడు. అన్నిటికంటె ముఖ్యముగ, డీలరు ఎంత మంచిమాట చెప్పినను, రసీదు వ్రాసి యీయక కాలిన బ్యాటరీని చేయి దాటనీయకుడు.